ప్లీడర్ చదువా, మేడం?



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి పాప వాళ్ల నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు చూసి సంతోషపడ్డారు. ఇంగ్లీష్‌లో ఆ పాపకు ఎప్పుడూ మంచి మార్కులే. తర్వాత కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని, బయట వరండాలో నిలబడిన పాపకు వినపడకుండా గొంతు తగ్గించి అడిగారు: "మేడం, ఇది లాయర్ అయితానంటాంది. మీరన్నా చెప్పండి, ఎంపీసీ తీసుకోమని. ప్లీడర్ చదువు చదివి కోర్టు కాడ చెట్టు కింద కూసుంటే ఏమొస్తాది?"

ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేదు. వెనక ఇంకా ఇరవై మంది లైన్లో ఉన్నారు. "ఇంకా టైముంది కదండీ, చూద్దాం" అని నవ్వి పంపించేశాను. ఇంటికి పోయాక ఆ మాట నన్ను వదల్లేదు. ఈ నెల తెలుగు పేజీలకు ఏదైనా రాయమని అడిగారు కాబట్టి ఆయనకు అప్పుడు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. ఆయన ఒక్కరికే కాదు, ఇదే ప్రశ్న మీలో చాలామంది దగ్గర విన్నాను.

ముందే ఒప్పుకుంటాను, మీ భయం ఉత్తది కాదు. కర్నూలులో గానీ కడపలో గానీ కోర్టు వైపు పోతే మనకు కనిపించేది నల్లకోట్లు, చంకలో ఫైళ్లు, స్టాంపు పేపర్ల షాపులు, వాయిదా మీద వాయిదా. జూనియర్‌గా చేరినవాళ్లకు మొదటి కొన్నేళ్లు చేతికి పెద్దగా ఏమీ రాదు. అయినా అది గౌరవం లేని పని కాదు. మన కర్నూలు పక్కనే పెద్దపాడులో 1921లో పుట్టిన దామోదరం సంజీవయ్య గారు మద్రాసులో లా చదివారు. 1960లో ముఖ్యమంత్రి అయ్యారు, దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. విశాఖపట్నంలోని నేషనల్ లా యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టారు. కానీ మీరు అడిగింది గౌరవం సంగతి కాదు, బతుకుదెరువు సంగతి. అందుకే ఆ సంగతే మాట్లాడతాను.

కోర్టు మెట్లు ఏడాదికి ఒక్కసారి కూడా ఎక్కని లాయర్లు ఉన్నారు. వాళ్ల పని కేసులు వాదించడం కాదు, కేసు రాకుండా కాగితం రాయడం. వాళ్లను ట్రాన్సాక్షన్ లాయర్లు అంటారు. ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొన్నా, ఇక్కడి సాఫ్ట్‌వేర్‌ను జర్మనీలో ఆసుపత్రి వాడుకోవాలన్నా, ఆ ఒప్పందం రాసేది, మార్చేది, అవతలి వాళ్లతో మాట్లాడి ఒప్పించేది వీళ్లే.

ఇదేదో మనకు తెలియని లోకం అనుకోకండి. మీలో చాలామంది ప్లాటు కొని ఉంటారు. కొనేముందు ఏం చేశారు? ఈసీ తీశారు. లింక్ డాక్యుమెంట్లు అడిగారు. అన్నదమ్ములందరి సంతకాలు ఉన్నాయా, ఆడపిల్లల సంతకాలు ఉన్నాయా చూశారు. తర్వాత అగ్రిమెంట్ రాసుకుని అడ్వాన్స్ ఇచ్చారు. ఎన్ని నెలల్లో రిజిస్ట్రేషన్, చేయకపోతే ఏం చేయాలి అని అందులో రాయించారు. కంపెనీలు కొనేటప్పుడూ జరిగేది ఇదే. ఈసీ బదులు వేల కాగితాలు ఉంటాయి: అప్పులు, ఉద్యోగుల ఒప్పందాలు, నడుస్తున్న కేసులు, పేటెంట్లు. టెక్నాలజీ కంపెనీ అయితే ఇంకో చిక్కు ఉంది. సాఫ్ట్‌వేర్ కొన్నాం అనుకుంటాం గానీ చాలాసార్లు కొనేది వాడుకునే అనుమతి మాత్రమే. గుత్తకు తీసుకున్న చేను లాంటిది. పంట మనది, చేను మనది కాదు. కాబట్టి ప్రోగ్రామ్ ఎవరిది, అందులో చేరే జనం వివరాలు ఏ దేశంలో దాచాలి, సర్వర్ పడిపోతే నష్టం ఎవరు కట్టాలి, ఎంతవరకు కట్టాలి, తగాదా వస్తే ఏ దేశం కోర్టు అనేవన్నీ ముందే రాసుకోవాలి. ఒక్కో ఒప్పందం వంద పేజీలు దాటుతుంది. వాటిలో ఏ వాక్యం ఎప్పుడు పనికొస్తుందో రాసేనాడు ఎవరికీ తెలియదు.

ఈ పనిలో చాలా పైకి వెళ్లిన తెలుగింటి ఆడబిడ్డ ఒకరు ఉన్నారు. పేరు విజయ గద్దె. 1974లో హైదరాబాద్‌లో పుట్టారు. మూడేళ్ల వయసులో అమెరికా వెళ్లి టెక్సాస్ రాష్ట్రంలో బోమాంట్ అనే ఊళ్లో పెరిగారు. కార్నెల్ యూనివర్సిటీలో ఆమె డిగ్రీ ఇంజనీరింగ్ కాదు, కార్మికులకూ యాజమాన్యాలకూ మధ్య సంబంధాల గురించిన చదువు. 2000లో న్యూయార్క్ యూనివర్సిటీలో లా పూర్తి చేశారు. ఆ తర్వాత దాదాపు పదేళ్లు విల్సన్ సోన్సినీ అనే లా ఫర్మ్‌లో పనిచేశారు. సిలికాన్ వ్యాలీ కంపెనీలకు కాగితాలు రాసిపెట్టే ఫర్మ్ అది. ఆ పదేళ్లూ ఆమె పేరు పేపర్లో చూసినవాళ్లు దాదాపు ఎవరూ లేరు. 2011లో ట్విట్టర్‌లో చేరారు, 2013లో ఆ కంపెనీ న్యాయ విభాగానికి అధిపతి అయ్యారు. అదే ఏడాది నవంబర్‌లో ట్విట్టర్ షేర్ మార్కెట్‌లోకి వచ్చింది. 2021లో ఆమెకు కంపెనీ ఇచ్చినది, షేర్లతో కలిపి, దాదాపు 1.7 కోట్ల డాలర్లు. ట్విట్టర్‌లో ఏ పోస్టు ఉంచాలి, ఏది తీసేయాలి అన్న విషయంలో ఆమె నిర్ణయాల మీద, ముఖ్యంగా 2021లో ట్రంప్ ఖాతా మూసేయడం మీద, పెద్ద గొడవలే జరిగాయి. ఆ వాదనలోకి నేను పోను. నాకు ఆసక్తి 2022లో జరిగిన దాని మీద.

ఆ ఏప్రిల్‌లో ఈలాన్ మస్క్ ఒక్కో షేరు 54.20 డాలర్ల చొప్పున ట్విట్టర్‌ను కొంటానని సంతకం పెట్టారు. మొత్తం దాదాపు 4,400 కోట్ల డాలర్లు. మన రూపాయల్లో అప్పటి లెక్కకు మూడు లక్షల కోట్లకు పైనే. కొనేముందు లోపలి లెక్కలు చూసుకునే అవకాశాన్ని కూడా ఆయన వదులుకున్నారు. ఈసీ తీయకుండా ప్లాటు కొన్నట్టు అనుకోండి. జులై వచ్చేసరికి మనసు మారింది, కొననన్నారు. ఒప్పందంలో వంద కోట్ల డాలర్ల పరిహారం అని ఒక మాట ఉంది కాబట్టి, అది కట్టి తప్పుకుంటారులే అని చాలామంది అనుకున్నారు. అడ్వాన్స్ వదిలేసుకుని పోయినట్టు.

కానీ అదే ఒప్పందంలో ఇంకో నిబంధన ఉంది. కొనేవాళ్ల అప్పు డబ్బు సిద్ధంగా ఉండి కూడా కొనకపోతే, పరిహారంతో సరిపెట్టుకోనక్కర లేదు, కొనిపించమని కోర్టును అడగవచ్చు అని. మన దగ్గర అడ్వాన్స్ తీసుకుని, రేటు పెరిగాక రిజిస్ట్రేషన్ చేయనని మొండికేసేవాళ్ల మీద స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావా వేస్తారు చూడండి, అదే. ట్విట్టర్ డెలవేర్ రాష్ట్రం కోర్టుకు వెళ్లింది. అక్టోబర్ 17న విచారణ మొదలు కావాలి. అక్టోబర్ మొదటి వారంలోనే మస్క్ ముందు చెప్పిన ధరకే కొంటానన్నారు. 27న డబ్బు చేతులు మారింది. ప్రపంచంలో అందరికంటే డబ్బున్న మనిషి వద్దనుకున్న కంపెనీని కొనాల్సి వచ్చింది, కాగితంలో ఉన్న మాట వల్ల.

ఆ కాగితం విజయ గద్దె ఒక్కరే రాశారని నేననను. రెండు వైపులా పెద్ద పెద్ద లా ఫర్మ్‌లు కూర్చున్నాయి. కానీ అమ్మే కంపెనీ వైపు న్యాయ విభాగం ఆమె చేతిలో ఉంది. కథ ఇక్కడితో ఆపితే నేను మీకు సగమే చెప్పినట్టు. కొనుగోలు పూర్తయిన రోజే మస్క్ ఆమెను, సీఈఓ పరాగ్ అగ్రవాల్‌ను, ఇంకొందరిని తీసేశారు. ఉద్యోగం నుంచి తప్పిస్తే ఇవ్వాల్సిన డబ్బు ఇవ్వలేదని 2024 మార్చిలో నలుగురు కలిసి 12.8 కోట్ల డాలర్లకు దావా వేశారు. 2025లో రాజీ కుదిరింది. అక్కడా పట్టుకున్నది ఒక కాగితాన్నే.

ఇదంతా నాకెందుకు అంత పట్టిందో చెప్పాలి.

మాది నంద్యాల అవతల పల్లె. నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు మా నాయన ఎకరంన్నరలో సీడ్ పత్తి వేశాడు. మీలో ఆ పని చేసినవాళ్లుంటే తెలుస్తుంది, చేతులతో పువ్వు పువ్వుకూ క్రాసింగ్ చేయాలి. అమ్మ, నాయన, కూలీలు, సెలవు రోజుల్లో నేను, తెల్లారకముందే చేలో ఉండేవాళ్లం. విత్తనాలు ఇచ్చాక కొన్ని నెలలకు ఆర్గనైజర్ వచ్చి "జీవోటీ ఫెయిల్ అయ్యిందన్నా" అన్నాడు. అంటే విత్తనం స్వచ్ఛత పరీక్షలో పోయిందని. డబ్బు రాదు. పైగా ముందు ఇచ్చిన అడ్వాన్స్ మా మీద అప్పుగా నిలిచింది.

నాయన సంతకం పెట్టిన కాగితం జెరాక్స్ అడిగి తెప్పించుకున్నాం. ఇంగ్లీష్‌లో నాలుగు పేజీలు. ఊళ్లో ఇంగ్లీష్ మీడియం చదివేది నేనే కాబట్టి నా చేతికిచ్చారు. డిక్షనరీ పెట్టుకుని రెండు రాత్రులు చదివాను. మూడో పేజీలో ఉంది: కంపెనీ చేయించే పరీక్ష ఫలితమే "ఫైనల్ అండ్ బైండింగ్". అంటే దాని మీద అడగడానికి లేదు. రైతు దగ్గర ఇంకో శాంపిల్ సీలు వేసి ఉంచాలన్న మాట ఎక్కడా లేదు. విత్తకముందు ఆ ఒక్క మాట అడిగి రాయించుకుని ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. కనీసం రెండోసారి పరీక్ష చేయించమని అడిగే దారైనా ఉండేది. నాయన ఆ కాగితం మీద సంతకం పెట్టింది టీ హోటల్ బల్ల మీద, విత్తనం సంచులు ట్రాక్టర్‌లోకి ఎక్కిస్తుండగా.

కంపెనీ మోసం చేసిందని నేననను. కాగితంలో రాసిందే చేసింది. ఆ కాగితం రాసిందీ ఎక్కడో ఒక ఆఫీసులో కూర్చున్న లాయరే. తన వాళ్ల వైపు నుంచి బాగానే రాశారు. మా వైపు చదివేవాళ్లు లేరు, అంతే. ఇది ఈ వృత్తిలోని అసలు మెలిక. డబ్బు ఇచ్చేవాళ్ల తరఫున రాస్తారు. పెద్ద జీతం ఎక్కడుంటుందో పెద్ద కంపెనీ అక్కడుంటుంది. మీ పాప లాయర్ అయినా ఎవరి వైపు కూర్చుంటుందో నేను చెప్పలేను. ఆ బల్ల దగ్గర మనవాళ్లు ఎవరూ లేకపోతే ఎట్లా ఉంటుందో మాత్రం చూశాను.

ఇక ఇంగ్లీష్ టీచర్‌గా నాకు ఇష్టమైన కథ ఒకటి. కామా ఎక్కడ పెడితే ఏముంది మేడం అని మీ పిల్లలు రోజూ అడుగుతారు. కెనడాలో రోజర్స్ అనే కేబుల్ కంపెనీ, అలియంట్ అనే ఫోన్ కంపెనీ స్తంభాలను బాడుగకు తీసుకుంది. ఐదేళ్లు ఒప్పందం కదిలించలేరని రోజర్స్ ధీమా. అలియంట్ మధ్యలోనే ఏడాది నోటీసు ఇచ్చి రద్దు చేస్తానంది. వాక్యంలో ఒక కామా ఉన్న చోటును బట్టి, నోటీసు ఇచ్చి రద్దు చేసుకునే హక్కు మొదటి ఐదేళ్లకు కూడా వర్తిస్తుందని 2006లో అక్కడి నియంత్రణ సంస్థ తేల్చింది. రోజర్స్‌కు నష్టం ఇరవై లక్షల కెనడా డాలర్లకు పైనే అని లెక్క. మరుసటి ఏడాది అదే సంస్థ తీర్పు తిరగేసింది. ఎందుకంటే ఆ ఒప్పందానికి ఫ్రెంచ్ ప్రతి కూడా ఉంది, ఫ్రెంచ్‌లో ఆ అనుమానానికి చోటు లేదు. రెండు భాషల్లో రాసుకోవడం వాళ్లను కాపాడింది. మన న్యూస్‌లెటర్ రెండు భాషల్లో ఎందుకని అడిగేవాళ్లకు నేను ఈ కథ చెప్తుంటాను.

దారి ఏమిటని అడుగుతారు. విజయ గద్దె దారి మన పిల్లలది కాదు, ఆమె చదువంతా అమెరికాలోనే. ఇక్కడైతే ఇంటర్ తర్వాత ఐదేళ్ల లా కోర్సు ఉంది. ఇంటర్‌లో ఏ గ్రూపు అయినా ఫర్వాలేదు. ఎంపీసీ తీసుకున్నా పోవచ్చు, సీఈసీ తీసుకున్నా పోవచ్చు. కాబట్టి ఆ నాన్నగారికీ పాపకూ ఇప్పుడే తగాదా అక్కర్లేదు. నేషనల్ లా యూనివర్సిటీలకు క్లాట్ అనే పరీక్ష రాయాలి. రెండు గంటల్లో 120 ప్రశ్నలు, తప్పుకు పావు మార్కు పోతుంది. అందులో బట్టీ పనికిరాదు. నాలుగైదు వందల మాటల పేరా ఇస్తారు, చదివి అర్థం చేసుకుని జవాబు పెట్టాలి. లెక్కలు కూడా కొన్ని ఉంటాయి. మనకు దగ్గరలో హైదరాబాద్‌లో నల్సార్, బెంగళూరులో నేషనల్ లా స్కూల్, విశాఖలో సంజీవయ్య గారి పేరున్నది. ఇవి కాక మన రాష్ట్రంలోని లా కాలేజీలకు లాసెట్ ఉంది. తర్వాత ఇతర దేశాల్లో చేయాలంటే అక్కడి పరీక్షలు మళ్లీ వేరు, ఇంగ్లండ్‌కు ఒకటి, న్యూయార్క్‌కు ఒకటి. హైదరాబాద్‌లో, బెంగళూరులో కూర్చుని విదేశీ కంపెనీల ఒప్పందాలు చూసేవాళ్లూ ఉన్నారు.

ఖర్చు తక్కువేమీ కాదు. నేషనల్ లా యూనివర్సిటీలో హాస్టల్‌తో కలిపి ఏడాదికి రెండు మూడు లక్షలు, కొన్నిచోట్ల ఇంకా పైన. సీట్లు కొన్ని వేలే, రాసేవాళ్లు పదుల వేలమంది. పెద్ద ఫర్మ్‌లు ఎక్కువగా చూసేది పేరున్న నాలుగైదు యూనివర్సిటీల వైపే. ఉద్యోగం వచ్చినా మొదటి ఏళ్లు రాత్రి పన్నెండు దాకా ఆఫీసులో కాగితాలు సరిచూసే పనే. సినిమాల్లో చూపించే వాదనలు అక్కడ ఉండవు. ఇవన్నీ తెలిసి కూడా కావాలన్న పిల్లలకే ఇది. మీ పిల్లలందరూ లాయర్లు కావాలని నేను రాయడం లేదు.

నా బాధ వేరు. మీరు ఫీజు కడుతున్నది ఇంగ్లీష్ మీడియం కోసం. కానీ ఎనిమిదో తరగతి దాటాక ఫౌండేషన్ క్లాసుకు ఒక పీరియడ్ కావాలంటే ముందు పోయేది ఇంగ్లీష్ రీడింగ్ పీరియడే. ఇది ఒక్క స్కూలు సంగతి కాదు, ఏ స్కూల్లో పనిచేసే స్నేహితులను అడిగినా ఇదే చెప్తారు. యాజమాన్యాన్ని తప్పు పట్టలేను, మీరు అడిగేదే వాళ్లు ఇస్తారు. మీటింగుల్లో ఐఐటీ మెటీరియల్ ఎప్పుడిస్తారని అడిగినవాళ్లు నాకు చాలామంది గుర్తున్నారు. మా పిల్ల ఈ నెల ఏ పుస్తకం చదివింది అని అడిగినవారు, ఈ నాలుగేళ్లలో, ఇద్దరు. ఫలితం ఏమిటంటే, మన పదో తరగతి పిల్లలు ఇంగ్లీష్‌లో గలగలా మాట్లాడతారు, రెండు పేజీల కాగితం ఇస్తే సగంలో వదిలేస్తారు. (సర్ ఈ పేరా ఉంచుతారని నమ్ముతున్నాను.)

మనమూ అంతే లెండి. జూన్‌లో మీరు సంతకం పెట్టిన అడ్మిషన్ ఫారం వెనక నిబంధనలు ఉన్నాయి. ఎంతమంది చదివారు? అంత జరిగిన ఇంట్లో పెరిగిన నేను కూడా, ఉద్యోగంలో చేరేటప్పుడు అపాయింట్‌మెంట్ ఆర్డర్ చదవకుండానే సంతకం పెట్టాను. ఈ వ్యాసం రాస్తూ తీసి చూసుకున్నాను. మానేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలో ఇప్పుడు తెలిసింది!

ఆ నాన్నగారికి ఇంకొక్క సంగతి. మొన్న క్లాసులో పాఠ్యపుస్తకం పక్కన పెట్టి, పిల్లలు ఫోన్లో ఆడుకునే ఒక గేమ్ వాడకం షరతులు ప్రింట్ తీసి ఇచ్చాను. నలభై మందిలో ముప్పై మంది మొదటి పేజీ దగ్గరే ఆవలించారు. మీ పాప చివరిదాకా చదివి చెయ్యెత్తింది. "మేడం, ఈ రూల్స్ వాళ్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చని ఇక్కడ రాసుకున్నారు. మనకేమో మార్చే హక్కు లేదు. మరి మనం ఎందుకు ఒప్పుకున్నాం?" అని అడిగింది. నాకు మూడో పేజీ దగ్గర కూర్చున్న ఆ రాత్రి గుర్తొచ్చింది. జవాబు మాత్రం వెంటనే తట్టలేదు.

వచ్చే మీటింగ్‌కు పాపను బయట వరండాలో నిలబెట్టకుండా పక్కనే కూర్చోబెట్టుకోండి. మీ దగ్గర షాపు బాడుగ అగ్రిమెంట్ గానీ, లోన్ కాగితాలు గానీ ఏవైనా ఉంటే ఒక జెరాక్స్ పట్టుకురండి. పాప చదివి మీకు చెప్తుంది. లైన్లో ఉన్నవాళ్లను ఒక పది నిమిషాలు ఆగమని నేను చెప్తాను.